కత్తెర సూది

ఆ రోజుల్లో తెలిసిన సంగతి నలుగురికీ చెప్పేస్తే తప్ప నాకు అన్నం అరిగేది కాదు. తొంభైల చివర్లో ఎల్లారెడ్డి దగ్గర కొత్తగా నర్సుగా చేరాను. కామారెడ్డి శిక్షణలో ధనుర్వాతం గురించి డాక్టరుగారు చెప్పిన ఒక్క ముక్క నన్ను పట్టుకుంది. ఆ క్రిమి విషం ఒక కత్తెర అట. నరాల్లో 'ఇక సడలు' అనే కబురును పంపే ప్రోటీన్‌ను కత్తిరిస్తుంది, అందుకే ఒళ్లంతా బిగుసుకుపోతుంది. (అంతమందిలో ఇది పూర్తిగా అర్థమైంది నాకొక్కదానికేనని నా గట్టి నమ్మకం.)

మర్నాడే లింగంపేట వైపు ఒక ఊళ్లో బీడీలు చుట్టే ఆడవాళ్ల ముందు ఉపన్యాసం దంచాను. వాళ్లలో ఊరి మంత్రసాని అవ్వ, ఐదో నెల కడుపుతో ఆమె కోడలు ఉన్నారు. కోడలి మొదటి బిడ్డ వారం తిరిగేసరికి పాలు తాగలేక, బిగుసుకుపోయి చనిపోయింది. ఈసారి ఆమెకు ధనుర్వాతం రాకుండా సూది వేసి తీరాలని నా పంతం. "కత్తెర లోపలికి పోయి కోస్తది, సూది ఏసుకోండ్రి" అని ముగించి సూది తీశాను. కోడలు ఒళ్లోని ఆకుల చాట పక్కకు నెట్టి లేచింది. "అత్తా, సూదిల కత్తెర ఉన్నదట! నా బిడ్డను కోస్తదట!" ఐదు నిమిషాల్లో వాడకట్టంతా ఖాళీ. నేను, నా సూదిమందుల ఐసు డబ్బా, అవ్వ మిగిలాం.

"ఏంది బిడ్డా, గట్ల భయపెట్టినవ్?" అంది అవ్వ. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆమె చేతిలోని కత్తెర చూసి, "అవ్వా, బొడ్డు దేంతోని కోస్తవ్?" అని అడిగాను. "గీ బీడీల కత్తెరతోనే. మంచిగ తెగుతది." అప్పుడు నా పాండిత్యం పక్కన పెట్టి మెల్లగా చెప్పాను. "దానికి అంటిన మట్టిల కండ్లకు కనపడని ఇంకో కత్తెర ఉంటది అవ్వా. గదే పసిదాన్ని బిగబట్టేది. సూదిల కత్తెర లేదు, ఆ కత్తెర పట్టిన చెయ్యిని ఒడిసిపట్టే బలం ఉన్నది, తల్లికి ఏస్తే బిడ్డకూ అందుతది." అవ్వ చేతిలోని కత్తెరను తిప్పి చూసింది. "మొదటిదానికి నేనే కోసిన గదా" అంది. ఆమె లేచి వెళ్లి కోడల్ని రెక్క పట్టుకుని తెచ్చింది. "ఇది కత్తెరను పట్టే సూది. ఏసుకో."

నెల తర్వాత రెండో సూదికి కోడలు తానే వచ్చింది, వెనకాల మరో ఆరుగురు. అందరూ అడిగింది "కత్తెర సూది"నే. (ఇదేం మందని పైఅధికారి నన్ను నిలదీశారు.) కాన్పుకు అవ్వ కొత్త బ్లేడు వాడింది. పదో రోజున వెళ్తే మనవరాలిని నా ముందుకు తెచ్చి, "సూడు, పాలు ఎట్ల గుంజుతున్నదో! నీ కత్తెర ఓడిపోయింది బిడ్డా" అంది.

ఎల్లారెడ్డి దాకా బస్సులో నిలబడి, ఒక్కదాన్నే నవ్వుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ వచ్చాను. అంత చెత్త ఉపన్యాసం మళ్లీ ఎన్నడూ ఇవ్వలేదు, అంత గర్వమూ మళ్లీ ఎన్నడూ పడలేదు.