నీళ్లు పోసి చూసిన రాయి

బేతంచెర్లలో మాది బండల పాలిషింగు యూనిట్. సమాధి రాళ్లు కూడా చెక్కిస్తాను. మా చర్చి సంఘంలో ఎవరు పోయినా రాయి నా దగ్గరినుంచే పోతుంది. అలాంటిది నా భార్య పోయి ఎనిమిది నెలలైనా ఆమె సమాధి మీద రాయి లేదు. అడిగినవాళ్లకల్లా "చేయిస్తాలే" అన్నాను. ఆ పని తలుచుకుంటేనే నాకు చేతులాడేవి కావు. ఏడుపూ రాలేదు. మొద్దుబారిపోయాను, అంతే.

టర్కీ యాత్ర ఆమె కోరిక. బైబిల్లోని ఏడు సంఘాలుండిన ఊళ్లు చూపిస్తామని కర్నూలు నుంచి ఒక పాస్టరు అయ్యగారు విశ్వాసులను తీసుకుపోతుంటే, ఇద్దరి పేర్లూ తనే రాయించింది. ఆమె పోయాక మానుకుంటానంటే నా బావమరిది ఊరుకోలేదు.

"అక్క శానా ఆశపడిండె బావా. నువ్వన్నా పో. ఈడ కూచోని గోడలు చూస్తాంటే ఏమొస్తాది?" అన్నాడు. వాదించే ఓపిక లేక పోయాను.

ఇజ్మీర్ నుంచి బస్సు సముద్రం పక్కనే సాగింది. నీలం నీళ్లు, కొండవాలున ఆలివ్ తోటలు. అందరూ అద్దాలకు ఫోన్లు ఆనించి ఫోటోలే ఫోటోలు. బాగుందని తెలుస్తూనే ఉంది, అనిపించడమే లేదు. నా పక్క సీటు ఖాళీ. వెనక సీట్లోని నంద్యాల పెద్దమ్మ చెనిక్కాయల పొడి డబ్బా ముందుకు చాపి, "తిను నాయనా, ఒట్టి రొట్టె గొంతులోకి యాడ దిగుతాది?" అంది. తిన్నాను. అదీ రొట్టెలాగే ఉండింది.

ఎఫెసు శిథిలాల్లో అందరూ స్తంభాల కేసి తలలెత్తి చూస్తుంటే నేను నేల చూశాను. వీధి పొడవునా పాలరాతి బండలు. పరిచినవాడెవడో గానీ పనిమంతుడు. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేకపోయాను.

దారి పక్కన విరిగిన రాళ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒకదాని మీద చెక్కిన బొమ్మలు: కూర్చున్న ఆడమనిషి, ఆమె చెయ్యి పట్టుకుని నిలబడిన మగమనిషి. కింద ఒక వరస అక్షరాలు. మా పనిలో రాయిని నమ్మేముందు దాని మీద నీళ్లు పోస్తాం. తడి ఆరేటప్పుడు సన్నటి పగులుంటే ఆ గీత ఒక్కటే ఆలస్యంగా ఆరుతుంది. నా చెయ్యి దానంతటదే సీసా మూత తీసి, నీళ్లు పోసేసింది.

విజిల్ మోగింది. కాపలావాడు అరుచుకుంటూ వచ్చాడు. నా బుద్ధి గడ్డి తిన్నట్టుంది!

"ఏం పనప్పా ఇది! పాతకాలం రాయికి నీళ్లు పోస్తాండావు!" అన్నారు అయ్యగారు. అందరూ నవ్వారు. నేను కాపలావాడికి చేతులు జోడించాను. మా గైడు, ఆ దేశపు పిల్లే, ఎందుకలా చేశానని అడిగింది. అయ్యగారు ఇంగ్లీషులో నా పనేమిటో చెప్పారు. ఆమె నవ్వలేదు. అది సమాధి రాయేనంది.

"దాని మీద ఏం రాసుండారంట?" అని అయ్యగారి చేత అడిగించాను.

"ఆమె పేరంట. కింద, సెలవని ఒక మాట. అంతేనంట."

"పుట్టిన తేదీ, పోయిన తేదీ?"

"లేవంటప్పా."

నేను పక్కకు పోయి బావమరిదికి ఫోన్ చేశాను. "ఒరే, అక్కకు రాయి కోయించు."

"ఏం రాపియ్యల్ల బావా?" అన్నాడు.

అది ఇన్నేళ్లూ బల్లకు ఇవతల కూర్చుని నేనందరినీ అడిగిన ప్రశ్న. పేరు చెప్పాను. పోయిన తేదీ చెప్పాను.

"పుట్టింది?"

సర్టిఫికెట్లో ఉన్నది బళ్లో అయ్యవారు ఉజ్జాయింపుగా వేసిన తేదీ అని తనే చెప్పి నవ్వేది. మరి అసలుది ఎప్పుడని నేను ఒక్కసారీ అడగలేదు.

"నీకు తెల్సునేమో రా."

"నేను చిన్నోన్ని, నాకేం తెల్సు బావా? అమ్మకు తెల్సిండె. అమ్మా పాయ."

ఎనిమిది నెలలుగా నేను తప్పించుకుని తిరిగింది ఈ ప్రశ్ననుంచే. ఇరవై ఆరేళ్ల కాపురం. తను పుట్టిన రోజు ఇంక ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. అక్కడే, ఎండలో, నలుగురూ చూస్తుండగా ఏడ్చాను.

"బావా, ఉండావా?"

"పేరొక్కటే చెక్కించు. పుట్టిన తేదీ లేనప్పుడు పోయిన తేదీ ఎందుకు?"

"అంతేనా బావా?"

"అంతేరా. నాకు తెల్సింది అంతే."