నింపని పద్నాలుగు సున్నాలు

ఉద్యోగంలో చేరిన రోజు నుంచి నేను డైరీ రాస్తున్నాను. అందులో మొదటి నుంచీ ఒక నియమం పెట్టుకున్నాను. చూసింది, విన్నది, ఖాయంగా తెలిసింది మాత్రమే రాయాలి. ఏదైనా సంగతి సరిగా తెలియకపోతే అక్కడ రెండు వేళ్ళంత చోటు వదిలి ముందుకు పోతాను. తర్వాత తెలిస్తే నింపుతాను. ముప్పై ఏళ్ళుగా అలాగే ఖాళీగా ఉన్న చోట్లు కూడా కొన్ని ఉన్నాయి. వాటిని చూసి నేనెప్పుడూ సిగ్గుపడలేదు.

బడిలో పిల్లలకూ ఇదే నేర్పాను. నల్లబల్ల మీద, కుడివైపు పై మూలన రెండు వాక్యాలు ఎప్పుడూ ఉండేవి. ‘తెలిసిందే రాయి. తెలియనిది వదిలెయ్.’ అక్షరాలు చెరిగిపోతున్నప్పుడల్లా సోమవారం పొద్దున నేనే మళ్ళీ దిద్దేవాణ్ణి. ఆ రెండు వాక్యాల వల్ల ఒక పిల్లకు ఏం జరిగిందో ఇక్కడ రాస్తున్నాను.

మా బడి బూర్గంపాడు నుంచి అడవి వైపు పోయే దారిలో ఒక కోయ గుంపులో ఉండేది. గుంపు అంటే పాతిక ముప్పై ఇళ్ళ ఊరు. ఐదో తరగతి వరకు రెండు గదులు, ఇద్దరు టీచర్లం. రెండో టీచరు నాకంటే పదిహేనేళ్ళు చిన్న. సొంతంగా నాలుగెకరాల మిరప తోట ఉన్న మనిషి. ఏ మాటనైనా నవ్వులాటగా అనేవాడు.

ఐదో తరగతిలో గురుకులానికి ప్రవేశ పరీక్ష ఉండేది. సీటు వస్తే పన్నెండో తరగతి దాకా చదువు, తిండి, బట్ట అన్నీ అక్కడే. రాష్ట్రమంతా ఒకే రోజు, ఒకే పేపరు. ప్రతి ప్రశ్నకు నాలుగు జవాబులు ఇస్తారు. సరైన దాని ఎదురుగా ఉన్న గుండ్రాన్ని పెన్నుతో నల్లగా నింపాలి. మా పిల్లలు వాటిని సున్నాలు అనేవాళ్ళు.

ఆ పరీక్ష గురించి మా ఇద్దరికీ ప్రతి ఏడూ వాదన జరిగేది.

“పెద్దసార్, పోయినేడు పేపర్ల లిఫ్టు గురించి అడిగిన్రు. మన పిల్లలు ఎక్కింది ఇప్పచెట్టు, తునికిచెట్టు. లిఫ్టు యాడ ఎక్కాలె?” అనేవాడు.

“అందరికీ ఒకటే పేపరు కదయ్యా.”

“పేపరు ఒకటే సార్. ఇల్లు ఒకటేనా?”

“నువ్వు మిరపకాయల ధర సంగతి చూసుకో.”

“అది గూడ మార్కెట్ల ఒకటే ధర అంటరు సార్. నా కాయకొచ్చేసరికి తేమ ఉందంటరు” అని నవ్వేవాడు.

నేను పరీక్ష వైపే ఉండేవాణ్ణి. అందుకు కారణం ఉంది. పరీక్ష లేని రోజుల్లో సీట్లు ఎలా వచ్చేవో నేను చూశాను. పెద్దమనిషి ఉత్తరం తెచ్చినవాళ్ళకు సీటు దొరికేది. ఒకసారి ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని పోయి, ఒక ఆఫీసు వరండాలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టి, అలాగే వెనక్కి తీసుకొచ్చాను. ఆ తర్వాత పరీక్ష వచ్చినప్పుడు నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ కాగితాలు దిద్దే యంత్రానికి ఎవరి ఉత్తరమూ చదవడం రాదు. ఆ మాట అప్పటి డైరీలో సంతోషంగా రాసుకున్నాను.

నేను చెప్పబోయేది పన్నెండేళ్ళ కిందటి సంగతి. ఆ ఏడు ఐదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. ఇంట్లో మాట్లాడేది కోయ. తెలుగు బడికి వచ్చాకే నేర్చుకుంది. నేను ప్రశ్న అడిగితే మిగతా పిల్లలు ఏదో ఒకటి అరిచేవాళ్ళు. ఆమె మాత్రం తెలిస్తే చెప్పేది, తెలియకపోతే తల అడ్డంగా ఊపేది. ఊహించి చెప్పడం ఆమెకు లేదు. నలభై మందికి చదువు చెబితే ఒక్కరికి వచ్చే గుణం అది. ఆమె నా అలవాటునే పట్టుకుందని లోలోపల మురిసిపోయాను.

ఎండాకాలం ఆమె తల్లితో పాటు తునికాకు కోసేది. బీడీలకు వాడే ఆకు అది. ఏభై ఆకులు ఒక కట్ట. సాయంత్రం కట్టలన్నీ ఆకు కొనే కల్లానికి తెచ్చి వరసగా పెడతారు. అక్కడ లెక్క చూసే మనిషి మధ్య మధ్యలో ఒక్కో కట్ట తీసి, విప్పి, వేలితో ఆకులు తిరగేస్తాడు. పురుగు తిన్న ఆకు ఒక్కటి కనబడినా కట్ట మొత్తం పక్కకు విసిరేస్తాడు. మిగతా నలభై తొమ్మిది ఎంత మంచివైనా లెక్కలోకి రావు. ఒకసారి సైకిల్ మీద పోతూ అక్కడ ఆగాను. ఆ పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని, విసిరేసిన కట్టను విప్పి, ఒక్కొక్క ఆకునూ ఎండకు ఎత్తి పట్టి చూస్తోంది. నన్ను చూసి కూడా చేతిలో పని ఆపలేదు.

పరీక్షకు దరఖాస్తు నింపిన రోజు తల్లి బడికి వచ్చింది. వేలిముద్ర వేసే ముందు అడిగింది.

“సీటొస్తే బువ్వ వాళ్ళే పెడ్తరా సారూ?”

“మూడు పూటలా పెడతారమ్మా.”

“ఇంటికి పంపుతరా?”

“పండగలకు పంపుతారు.”

ఆమె కూతురి వైపు చూసింది. కూతురు నేల చూసింది. “అయితే రాయనీ. ఈడుంటే మిరపకాయ కోతకే గద” అంది తల్లి.

మూడు నెలలు తయారు చేశాను. నోటు పుస్తకంలో పెన్ను మూత పెట్టి సున్నాలు గీసి ఇచ్చేవాణ్ణి. గీత దాటకుండా, లోపల తెల్లటి చుక్క మిగలకుండా నింపడం నేర్పాను. అంత చక్కగా నింపే పిల్లను నేను చూడలేదు.

పరీక్ష ఆదివారం పెట్టారు. ఆ ఏడాది నేను చర్చికి పోని ఆదివారం అదొక్కటే. పొద్దున్నే ఆటోలో సారపాక మీదుగా బ్రిడ్జి దాటి భద్రాచలం చేరుకున్నాం. గేటు ముందు తల్లిదండ్రులు గుంపులుగా నిలబడ్డారు. మా పక్కన ఒక తండ్రి తన కూతురి హాల్ టికెట్‌కు క్లిప్పు పెడుతూ చెబుతున్నాడు.

“ఒక్కటి గూడ ఖాళీ ఇడువకు. తెల్వకపోతె కండ్లు మూస్కొని ఏదో ఒకటి గుద్దు. మైనస్ మార్కుల్లేవు.”

“తెల్వనియన్నిటికీ బీ పెట్టమని కోచింగ్ సార్ చెప్పిండు డాడీ.”

“గట్లనే పెట్టు. బీ కాకపోతే సీ పెట్టు. నీ ఇష్టం, నీ అదృష్టం.”

తండ్రీ కూతుళ్ళు నవ్వుకున్నారు. మా పిల్ల విన్నది. నా చొక్కా అంచు పట్టుకుని మెల్లగా అడిగింది.

“సార్, గట్ల పెట్టొచ్చా?”

తప్పు జవాబుకు మార్కులు తీయరన్న వాక్యం సూచనల కాగితంలో ఉంది. దాన్ని నేను ముందు రోజే రెండుసార్లు చదివాను. ‘పెట్టొచ్చు’ అన్న ఒక్క మాట చాలు. అబద్ధం కాదు, దొంగతనం కాదు, నియమంలో ఉన్న మాటే. కానీ ఆ తండ్రి నవ్వు నాకు నచ్చలేదు. మూడు నెలలు కష్టపడి చదివిన పిల్లకు ఆఖరి నిమిషంలో అది నేర్పడం నాకు చిన్నతనం అనిపించింది.

“మనకెందుకమ్మా అవన్నీ. నీకు తెలిసింది రాయి, చాలు” అన్నాను.

ఆమె తల ఊపి లోపలికి పోయింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆమె ప్రశ్నపత్రం తీసి చూశాను. రాసినవాటికి పక్కన చిన్న గీత పెట్టుకుంది. గీత లేనివి లెక్కపెట్టాను. పద్నాలుగు.

“ఇవన్నీ వదిలేశావా?”

“అవ్ సార్. తెల్వలే.”

ఒక ప్రశ్నలో కదిలే మెట్లు ఎక్కడ ఉంటాయని అడిగారు. ఆమె దాని మీద వేలు పెట్టి, “సార్, మెట్లు కదుల్తయా?” అంది. ఆటో డ్రైవరు నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత నేనే అడిగాను.

“గేటు దగ్గర ఆ అమ్మాయి చెప్పినట్టు ఏదో ఒకటి పెట్టాలనిపించలేదా?”

“అనిపిచ్చింది సార్. కానీ తెల్వనిది పెడితే మంచియి గూడ పోతయ్ గద.”

“ఎవరు చెప్పారు?”

ఆమె నన్ను వింతగా చూసింది. “ఒక్క చెడ్డ ఆకుంటే కట్ట మొత్తం పారేస్తరు గద సార్” అంది.

ఆటో బ్రిడ్జి మీద ఉంది. కింద గోదావరి ఇసుక తేలి ఉంది. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ రోజు డైరీలో ‘పద్నాలుగు ఖాళీలు’ అని మాత్రం రాసి ఉంది.

రెండు మార్కుల తేడాతో సీటు పోయింది. రెండో జాబితాలోనూ, మూడో జాబితాలోనూ పేరు లేదు. పద్నాలుగు సున్నాలు కళ్ళు మూసుకుని నింపినా, నాలుగింటికి ఒకటి చొప్పున మూడో నాలుగో తగిలేవి. ఈ లెక్క ఆ తర్వాత డైరీల్లో ఎన్నోసార్లు వేశాను. ప్రతిసారీ అంతే వచ్చింది.

మా రెండో టీచరు ఆ సంగతి విని నవ్వులాట ఆడలేదు. “పోనీ సార్. మీరు మంచిదే చెప్పిన్రు” అన్నాడు. అతను వెక్కిరించి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆ పిల్ల దూరంగా ఉన్న ఒక హాస్టల్ బడిలో ఆరులో చేరింది. ఏడో తరగతి మధ్యలో తల్లి జబ్బుపడితే చూసుకోవడానికి ఇంటికి వచ్చింది. ఆ ఏడు మిరప కోతకు పోయింది. మళ్ళీ బడికి పోలేదు. నేను రెండుసార్లు ఇంటికి పోయి అడిగాను. రెండుసార్లూ నాకు మంచం వాల్చి, చెంబుతో నీళ్ళిచ్చి, “వస్త సార్” అంది. గురుకులంలో ఉంటే చదువు సాగేదా? తల్లి జబ్బుకు అక్కడి నుంచీ వచ్చేసేదా? నాకు తెలియదు. ఆ చోటు నా డైరీలో ఇప్పటికీ ఖాళీయే.

రిటైరయ్యాక నల్లబల్ల మీది ఆ రెండు వాక్యాలు నాతోపాటే బడి నుంచి వచ్చేశాయి. నా తర్వాత వచ్చిన టీచరు బల్లకు కొత్త రంగు వేయించాడని విన్నాను.

మొన్న జనవరిలో ఒక ఆదివారం, చర్చి నుంచి ఇంటికి వచ్చేసరికి అరుగు మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకరు ఆ పిల్లే. పిల్ల అనడం నా అలవాటు, ఇప్పుడు ఇరవై రెండేళ్ళు. వేళ్ళ చివర్లు మిరపకాయ ఘాటుకు తోలు ఊడి ఉన్నాయి. పక్కన ఆమె చెల్లెలు. పదేళ్ళది, ఐదో తరగతి.

“సార్, దీనికి గురుకులం పరీక్షుంది. మీరు చెప్తే రాస్తది” అంది అక్క.

నేను కుర్చీలో కూర్చున్నాను. పన్నెండేళ్ళుగా చెప్పాలనుకుని చెప్పని మాట అప్పుడు చెప్పాను. ఆ రోజు గేటు దగ్గర నువ్వడిగినప్పుడు పెట్టొచ్చు అని ఉండాల్సింది, నాకు తెలిసే చెప్పలేదు, నీ సీటు అందువల్లే పోయింది అన్నాను.

ఆమె చేతి గోళ్ళు చూసుకుంది.

“యాదుంది సార్. మీరు పెట్టమన్నా నేను పెట్టకపోదును. గప్పుడు నాకు ఆకు పని ఒక్కటే తెల్సు” అంది.

ఆ మాట నిజంగా అన్నదో, ముసలివాడి కోసం అన్నదో నాకు తెలియదు. అడగలేదు.

లోపలి నుంచి పాత ప్రశ్నపత్రం ఒకటి తెచ్చి చెల్లెలికి ఇచ్చాను. పెన్ను మూతతో సున్నాలు గీసిన కాగితం కూడా ఇచ్చాను. ఆ పిల్ల అరుగు మీద బోర్లా పడుకుని రాయడం మొదలుపెట్టింది. గంటసేపు గడిచాక పెన్ను ఆపి తల ఎత్తింది.

“తాతా, ఇయి నాకు తెల్వయ్. ఇడిసిపెట్టాల్నా?”

నేను నోరు తెరిచాను. ఇన్నేళ్ళ అలవాటు నాలుక మీదికి వచ్చి నిలబడింది. నేను మాట్లాడేలోపు అక్క చెప్పింది.

“నువ్వు మాత్రం ఇడువకు. అన్నీ నింపు.”

“తెల్వకపోయినా?”

“తెల్వకపోయినా. సార్ ఏమనడు.”

చెల్లెలు నా వైపు చూసింది. నేను తల ఊపాను. అది కళ్ళు గట్టిగా మూసుకుని, వేలు గాల్లో తిప్పి, కాగితం మీద పెట్టి, ఆ వేలు పడిన సున్నాను నింపింది. నవ్వింది. మళ్ళీ కళ్ళు మూసుకుంది. అక్క పక్కకు తిరిగి వీధి వైపు చూస్తూ కూర్చుంది.

రాయడం అయ్యాక ఎర్ర పెన్ను తీసుకుని దిద్దాను. కళ్ళు మూసుకుని నింపినవి తొమ్మిది. వాటిలో రెండు సరైనవి పడ్డాయి. మొదటి దాని దగ్గర నా చెయ్యి ఆగింది. ఆ తర్వాత రెండింటికీ టిక్కు పెట్టి, మొత్తంలో కలిపాను.