ఖాళీ వదలని గడి

పోయిన ఆదివారం ఉదయం న్యూకాసిల్‌లోని మా ఫ్లాట్‌లో టీ పెట్టుకుంటూ ఉండగా ఫోన్‌కు ఒక ఫొటో వచ్చింది. పంపింది లండన్ శివారు ఇల్ఫర్డ్ ఆంటీ కూతురు. ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది గాని రాయదు. ఈ చలికాలంలో ఆంటీ పోయాక, ఆవిడ పాత ఫోన్ చూస్తూ ఉంటే దొరికిందట. అందులో నిలబడి ఉన్నది మీరేనా అని ఇంగ్లీషులో అడిగింది. నేనే. జవాబు మాత్రం ఇంకా రాయలేదు.

ఆంటీ నాకు చుట్టం కాదు. మాస్టర్స్ చదివే రోజుల్లో ఆవిడ ఇంటి మేడ మీది గదిలో ఉండేవాణ్ణి. ఆదివారం సాయంత్రాలు టీవీలో అడవి జంతువుల కార్యక్రమం వస్తే నన్ను కిందికి పిలిచేవారు. “ఏనుగులు ఏరు దాటడం ఒక్కసారి ఈ కళ్ళతో చూడాలి బాబూ” అనేవారు. నాకు ఉద్యోగం స్థిరపడిన ఏడాది, కూతురికి డ్యూటీ రోటాలో సెలవు కుదరకపోవడంతో, ఆవిడను ఆఫ్రికాలోని బోట్స్వానా తీసుకువెళ్ళే అవకాశం నాకు దక్కింది.

ఆ దేశంలో చాలా భాగం కలహారి ఎడారే. ఇసుక, ముళ్ళపొదలు, మళ్ళీ ఇసుక. నేత చీర మీద స్వెటరు, కాళ్ళకు ట్రైనర్లు వేసుకుని ఆంటీ జీపులో ముందు సీటు పట్టేశారు. మొదటి జిరాఫీని తల పైకెత్తి చాలాసేపు పరిశీలించి, “దీనికి గొంతు నొప్పి వస్తే జీపీ డాక్టరు ఏం చేస్తాడంటావ్?” అన్నారు. “అపాయింట్‌మెంట్ దొరికేలోగా అదే తగ్గిపోతుంది ఆంటీ” అన్నాను. మూడు రోజుల తరువాత, ఎండిన నేల అంచున, చోబే నది కనిపించింది. ఆంటీ సీటు అంచుకు జరిగి కూర్చున్నారు.

పడవ ఎక్కే ముందు ఒక ఫారం నింపమన్నారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. రేషను కార్డు నుంచి నా వీసా దాకా ఇంటిల్లిపాది కాగితాలూ నా చేతి మీదుగానే నడిచాయి. ఏ గడీ ఖాళీగా వదలకూడదన్నది నాకు భయంతో అబ్బిన అలవాటు. ఆరోగ్య సమస్యలు అన్న చోట, ఆంటీని అడగకుండానే, బీపీ, మోకాళ్ళ నొప్పి, ఎప్పుడో వంటగదిలో ఒకసారి కళ్ళు తిరగడం, అన్నీ గుండ్రని అక్షరాలతో రాశాను. చోటు చాలక మార్జిన్‌లోకి కూడా వెళ్ళాను. ఆంటీ వయసే ఉన్న ఒక జర్మన్ దంపతులు నా పక్కనే ఆ గడిలో అడ్డంగా గీత గీసి పడవ ఎక్కేశారు. కౌంటర్‌లోని అమ్మాయి నేను రాసింది చదివి, పెద్దావిడ ఒడ్డునే ఉండడం మంచిదని మర్యాదగా చెప్పింది.

దూరంగా బెంచీ మీద ఎదురుచూస్తున్న ఆంటీతో, “వాళ్ళ రూల్స్ ఒప్పుకోవట” అన్నాను. నేను రాసిన సంగతి చెప్పలేదు. ఆవిడ పడవలోని జర్మన్ దంపతుల వైపు చూశారు. “రూల్సంటే మరి తప్పదుగా. నువ్వెళ్ళు బాబూ. ఇద్దరం మానేస్తే ఏనుగులు ఏమనుకుంటాయి?”

నేను ఉండిపోవలసింది. వెళ్ళాను.

పొద్దు వాలుతూ ఉండగా అవి వచ్చాయి. ముందు ఒక పెద్ద ఆడ ఏనుగు, దాని వెనక వరసగా మిగతావి. లోతులోకి వచ్చేసరికి శరీరాలు మునిగి తొండాలు మాత్రం మిగిలాయి. ఒక గున్న తల్లి తోకను పట్టుకుని ఈదింది. నన్ను నేను మరిచి లేచి నిలబడ్డాను.

తిరిగి వచ్చేసరికి ఆంటీ అదే బెంచీ మీద, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. “ఎన్ని కనపడ్డాయి?” అన్నారు.

“ఒక్కటీ రాలేదు ఆంటీ. రెండు మొసళ్ళు, అంతే.”

ఆవిడ నా ముఖంలోకి ఒక క్షణం చూశారు. “పోన్లే బాబూ. ఫ్లాస్కులో టీ ఉంది, తాగు.”

ఆ తరువాత ఎనిమిదేళ్ళు ప్రతి ఆదివారం ఫోన్‌లో మాట్లాడుకున్నాం. జిరాఫీ గొంతు నొప్పి మాటల్లోకి ఎన్నోసార్లు వచ్చింది. ఏనుగుల మాట ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. దయతో ఆడిన అబద్ధమని నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను.

ఫొటోలో నది ఉంది, వరసగా తొండాలు ఉన్నాయి, వాటి వెనక పడవలో నారింజ రంగు లైఫ్ జాకెట్ వేసుకుని, చేతులు రెండూ పైకెత్తి నిలబడిన నేను ఉన్నాను. ఒడ్డున బెంచీ మీద నుంచి ఆంటీ తీసిన ఫొటో. మూలన ఐదు గంటల పన్నెండు నిమిషాలని ఉంది. నేను ఒడ్డుకు చేరడానికి ఇంకా అరగంట ఉంది. ఇన్నేళ్ళు గడిచిపోయినా, ఆ ఫొటోలో మాత్రం నేనింకా ఆవిడకు ఏనుగులు రాలేదని చెప్పని మనిషిగానే నిలబడి ఉన్నాను.