నామం తెగని చోటు

మొన్న మాఘమాసంలో ఒక ఏకాదశి నాడు శ్రీకూర్మం వెళ్ళాను. దర్శనమయ్యాక ఎండ తగ్గేదాకా మండపంలో ఒక పక్కగా కూర్చున్నాను. అక్కడ భావనపాడు ఆడవాళ్ళ భజన బృందం పాడుతోంది. అందరివీ ఒకే రకం పసుపురంగు చీరలు, ముందు రెండు మైకులు, పక్కన కీబోర్డు పెట్టుకుని ఒక సంగీతం మాస్టారు. ఈ రోజుల్లో మన జిల్లాల్లో ఏ గుడికి వెళ్ళినా ఇలాంటి బృందం ఒకటి కనబడుతుంది. వాళ్ళ పాటలు ఫోన్లలోకి ఎక్కుతున్నాయి, తెల్లవారేసరికి పక్కింటి వంటింట్లోంచి మన చెవిన కూడా పడుతున్నాయి. నేను వాటిని పెద్దగా పట్టించుకునేవాణ్ణి కాను. కాని ఆ రోజు వాళ్ళు ఎత్తుకున్నది ఒక పాత నామం, రెండే పాదాలది, ఒకప్పుడు మా ఇంటి ముందు పందిట్లో ఏటేటా ఏకాహంలో పాడినది. మొదటి పాదం అయింది, రెండో పాదం అయింది. మళ్ళీ మొదటిది అందుకునే ముందు వాళ్ళంతా ఒక్కసారిగా ఆగారు. తాళాలూ ఆగాయి. ఒక ఊపిరి పట్టి వదిలేటంత సేపు. ఆ కాస్త ఖాళీలో నాకు ఒక గొంతు వినిపించింది. గభాలున తల తిప్పి ఎడమ వైపు కిటికీ కోసం చూశాను. రాతిస్తంభాల మండపంలో కిటికీ ఎక్కడుంటుంది.

అప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళని గమనించాను. ఫోనెత్తి వీడియో తీస్తున్న ఒకాయన ఆ చోటు వచ్చేసరికి చెయ్యి దించేశాడు. ఒడిశా నుంచి వచ్చిన యాత్రికుల్లో ఒక ముసలావిడ, తెలుగు ముక్క రానిది, పాట సాగుతున్నంత సేపూ ఊరికే కూర్చుని, పాట ఆగిన చోట కళ్ళు తుడుచుకుంది. ఎందుకు తుడుచుకుందో ఆవిడకీ తెలిసి ఉండదు.

మన వయసు వాళ్ళకి ఏకాహం సంగతి చెప్పనక్కర్లేదు గాని, ఇప్పటి వాళ్ళెవరైనా చదివితే వాళ్ళ కోసం చెబుతున్నాను. ఒక సూర్యోదయం నుంచి మరుసటి సూర్యోదయం దాకా దీపస్తంభం చుట్టూ తిరుగుతూ జట్లు జట్లుగా నామం పాడాలి. ఒక జట్టు దిగేలోపల ఇంకో జట్టు అందుకోవాలి. ఏ కారణం చేతనైనా నామం తెగిందో, ఏకాహం చెడినట్టే, ఊరికి అరిష్టమే. కోటబొమ్మాళికి తూర్పున ఉన్న మా ఊళ్ళో ఆ ఏకాహం మా ఇంటిది. కార్తీకంలో మా వీధి గుమ్మం ముందు పందిరి వేసేవారు. తాతగారు అరుగు మీద చేతుల కుర్చీలో, వీపు కుర్చీకి తగలనివ్వకుండా కూర్చునేవారు. ఆయన పాడరు, మా ఇంట్లో మగవాళ్ళెవరూ జనంతో కలిసి పాడరు. వింటారు, అంతే. చుట్టుపక్కల ఊళ్ళ రైతుల జట్లు పొద్దుటి వంతులూ సాయంత్రపు వంతులూ పంచుకునేవి. భోజనాల తరవాత, గొంతులు వాలిపోయే వేళ, ఎవరూ కోరని వంతు ఒకటి మిగిలేది. అది భావనపాడు నుంచి వచ్చే బెస్తవాళ్ళ జట్టుది. వాళ్ళ పెద్దని తండేలు అనేవారు. సముద్రం మీద పడవని నడిపించేదీ ఆయనే, పందిట్లో నామం నడిపించేదీ ఆయనే. వలలు లాగీ లాగీ బొంగురుపోయిన గొంతులు వాళ్ళవి. ఆ గొంతులన్నీ కలిసి పైకి లేస్తే మా వీధి గది తలుపులు అదిరేవి.

మా ఇంట్లో ఆడవాళ్ళు వీధిలోకి వచ్చేవారు కారు. ఇప్పుడు దాన్ని ఎవరేమైనా అనుకోవచ్చు, అప్పట్లో మాకది మర్యాద. ఏకాహం నాడు వాళ్ళు వీధి గదిలో, కిటికీకి కట్టిన వెదురు తెర వెనక కూర్చుని వినేవారు. మధ్యాహ్నం వడ్డనల హడావిడిలో మిగతావాళ్ళంతా లోపలికి పోతే మా మేనత్త ఒక్కతే మిగిలేది, ఆవిడ కొంగు పట్టుకుని నేను. నాన్నగారి చెల్లెలు ఆవిడ. కాపురానికి వెళ్ళిన కొద్ది రోజులకే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. ఎక్కువ మాట్లాడేది కాదు. కిటికీ ఊచకి నుదురు ఆనించి వినేది, లేచేసరికి బొట్టు లేని నుదుటి మీద ఊచ అచ్చు నిలువునా పడి ఉండేది. అది చెరిగిపోయేదాకా నేను చూస్తూ ఉండేవాణ్ణి.

ఒక ఏడు భావనపాడు జట్టులో సగం మంది రాలేదు. వేట మీద ఉండిపోయారన్నారు. వాళ్ళ తరవాత అందుకోవలసిన జట్టు పాసింజరు బండిలో రావాలి, బండి ఆలస్యం. ఉన్న నలుగురైదుగురే తిరుగుతున్నారు, పాడుతున్నారు. ఎండ పందిరి సందుల్లోంచి కారుతోంది. ఉన్నట్టుండి రెండో పాదం చివర తండేలు గొంతు పూర్తిగా పోయింది. మిగతావాళ్ళు ఊపిరికి ఆగారు. అందరూ ఒకేసారి ఆగుతారని ఎవరూ అనుకోలేదు. అరుగు మీద తాతగారు సగం లేచారు. సరిగ్గా అప్పుడు నా పక్కనుంచి నామం వినబడింది. మా అత్త ఊచకి ఆనించిన నుదురు ఎత్తకుండానే రెండో పాదం చివరి మాటని పట్టుకుని, సాగదీసి, మొదటి పాదం గుమ్మం దాకా తీసుకువెళ్ళి నిలబెట్టింది. నలుగురూ ఊపిరి తీసుకుని అక్కణ్ణుంచి అందుకున్నారు.

తాతగారు తెర వైపు చూశారు. ఇంటి ఆడపడుచు గొంతు వీధిలో వినబడింది. నోరు మూయమంటే నామం తెగుతుంది, ఊరుకుంటే ఇంటి పరువు పోతుంది. ఆయన మెల్లగా మళ్ళీ కూర్చున్నారు. రెండో పాదం వచ్చినప్పుడల్లా జట్టు ఆగడం, అత్త అందుకోవడం, బండి దిగిన జట్టు పరుగున వచ్చి చేరేదాకా అలాగే నడిచింది. ఆ సంగతి ఆ రోజు గాని తరవాత గాని మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మరుసటి ఏడు ఆ కిటికీకి ఒక తెర మీద ఇంకో తెర కట్టించారు తాతగారు. కిటికీ మాత్రం మూయించలేదు.

అప్పట్నుంచి భావనపాడు జట్టు వంతు కోసం చుట్టుపక్కల జనం వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. ఆ చోటు రాగానే పందిరంతా చెవులు రిక్కించేది. వచ్చే గొంతు ఎవరిదో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. కనబడని మనిషి పాడితే దేవుడికి దగ్గరగా ఉంటుందని మా నాయనమ్మ ఒకసారి అంది, ఆవిడకి అలా అనిపించిందో, కూతురి కోసం అలా అందో నాకు తెలియదు. ఒక ఏడు అత్త నాయనమ్మ చేత తాతగారిని అడిగించింది, ఒక్కసారి, ఒక్క చుట్టు, దీపస్తంభం చుట్టూ వాళ్ళతో కలిసి నడుస్తానని. తాతగారు జవాబు చెప్పలేదు. ఆయన జవాబు చెప్పకపోతే దానికి అర్థమేమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ తరవాత వర్షాకాలంలో అత్త జ్వరంతో పోయింది.

ఆ కార్తీకంలో ఏకాహం ఆపలేదు. మధ్యాహ్నం భావనపాడు జట్టు అందుకుంది. నేను ఆ సారి గదిలోకి వెళ్ళక తాతగారి కుర్చీ పక్కన నిలబడ్డాను. మొదటి పాదం, రెండో పాదం. ఏళ్ళ తరబడి అలవాటైన ప్రాణాలు, అందరూ ఆగిపోయారు. తెర వెనక ఎవరూ లేరు. అన్ని గొంతులున్న పందిట్లో అంత నిశ్శబ్దం నేను మళ్ళీ వినలేదు. దీపం వత్తి చిటపటమన్నది వినబడింది. తరవాత వాళ్ళు మొదటి పాదం అందుకున్నారు గాని, అప్పటికే జనంలో గుసగుసలు లేచాయి, నామం తెగిందని. తాతగారి మొహం మాడిపోయింది. తండేలు తిరగడం ఆపకుండానే, మా అరుగు ముందుకి వచ్చినప్పుడు తల కూడా ఎత్తకుండా అన్నాడు.

"తెగనేదు బాబూ. అమ్మ అందుకున్నాది. మాకు ఇనిపించినాది."

ఆ మాట మీద ఊరు ఊరుకుంది. ఆ సాయంత్రం తాతగారు తన చేత్తో ఆ రెండు తెరలూ విప్పేశారు. ఆ తరవాత ఏకాహం జరిగినన్నాళ్ళూ భావనపాడు వాళ్ళు ఆ చోట ఆగుతూనే వచ్చారు, ఎవరూ తెగిందనలేదు. తరవాత భూములు పోయాయి, కోర్టులు వచ్చాయి, చివరికి ఇల్లు ఒక జీడిపప్పు వ్యాపారికి పోయింది. వీధి గదిలో ఇప్పుడు జీడిపిక్కల బస్తాలు పేరుస్తారట. నేను వెళ్ళి చూడలేదు. పందిరి వేసేవాళ్ళు లేక ఏకాహమూ ఆగింది. ఆ నామం దానితోనే పోయిందనుకున్నాను, శ్రీకూర్మంలో వినేదాకా.

ఆ రోజు పాట అయిపోయాక మాస్టారు ఆ ఆడవాళ్ళకి చెబుతున్న మాటలు విన్నాను. వచ్చే వారం ఆ నామాన్ని రికార్డు చేయబోతున్నారు. ఆగే చోట ఖాళీ వస్తోంది, ఫోన్లో వినేవాళ్ళు పాట అయిపోయిందనుకుని తీసేస్తారు, అక్కడ కీబోర్డు మీద వయొలిన్ వేసి నింపేద్దాం అంటున్నాడు. వాళ్ళు తల ఊపుతున్నారు. నేను చెప్పులు వేసుకుని బస్సెక్కి శ్రీకాకుళం వచ్చేశాను. రెండు మూడు రోజులు నిద్ర సరిగా పట్టలేదు. మా అత్త ఫొటో ఒక్కటీ లేదు, ఇంట్లోవాళ్ళు తీయించనివ్వలేదు. ఆవిడ వస్తువంటూ ఏదీ మిగలలేదు. ఈ లోకంలో ఆవిడకంటూ ఉన్న చోటు అదొక్కటే, ఇప్పుడు దాన్ని నింపేస్తున్నారు. వద్దని అడగాలంటే వెళ్ళాలి. ఇల్లు అమ్ముకున్నాం గాని మా వంశంలో ఎవరూ ఒకరి గుమ్మం ముందు నిలబడి ఇది కావాలని అడగలేదు. అదీగాక అడిగితే ఎందుకో చెప్పాలి, తెర సంగతీ ఒక్క చుట్టు సంగతీ చెప్పాలి.

వెళ్ళాను. భావనపాడులో, తుఫాను వస్తే జనం తలదాచుకునే షెల్టరు భవనంలో, మధ్యాహ్నం చేపల అమ్మకం అయ్యాక, వాళ్ళు సాధన చేస్తున్నారు. గుమ్మంలో నిలబడి ఏ ఇంటివాణ్ణో చెప్పేసరికి నడిమి వయసావిడ నవ్వుతూ లేచింది. తండేలు మనవరాలు, బృందానికి పెద్ద.

"ఏటి బాబుగోరూ, ఇలాగొచ్చీసినారు? కబురెడితే మేమే వద్దుము గదా. ఒసే, ఆ కుర్సీ ఇలాగ లాగండి." వెనక ఎవరో దగ్గితే అటు తిరిగింది. "ఏటే, గొంతులో ముల్లు గుచ్చుకున్నాదా? నిన్న నువ్వు తిన్న కవళ్ళ సేపలు సాల్లేదేటి."

అందరూ నవ్వారు. ఆ నవ్వు తగ్గాక నేను చెప్పాను, తెరతో సహా అంతా. చివరికి ఆవిడే అంది.

"మా తాత సెప్పీవోడు, అక్కడ ఊపిరి తియ్యకండే, ఇనండి, అని. ఏటి ఇనాలో సెప్పనేదు."

మాస్టారు మంచివాడే, మర్యాదగా అడిగాడు. మీ మేనత్తగారు ఎలా పాడేవారో చెబితే వయొలిన్ మీద అదే వాయిస్తాను, ఆవిడ గొంతే తిరిగి వచ్చినట్టుంటుంది కదండీ అన్నాడు. నిజమే అనిపించింది. తండేలు మనవరాలు తాళాలు చేతిలోకి తీసుకుంది.

"మీరే పాడి సూపించండి బాబుగోరూ. ఆ యమ్మ ఎలాగ అందుకునీవారో. మేం ఎత్తుకుంటాం."

నేను కుర్చీలోంచి లేచాను. వాళ్ళు ఎత్తుకున్నారు. అంత మంది గొంతులు నాలుగ్గోడల మధ్య కలిసి లేస్తే, చెవితో కాదు, పక్కటెముకలతో విన్నట్టుంది. రెండో పాదం అయిపోయింది. అందరూ ఆగి నా వైపు చూశారు. నేను నోరు తెరిచాను. అత్త నుదుటి మీద ఊచ అచ్చు గుర్తుంది, ఆవిడ చీరలోని కర్పూరం వాసన గుర్తుంది, పాడుతున్నప్పుడు గోటితో గోడ సున్నం గీరుతూ ఉండేది, ఆ సున్నం పొడి నా మోకాలి మీద పడడం గుర్తుంది. వరస గుర్తు లేదు. ఎంత వెతికినా లేదు. ఇన్నేళ్ళూ నేను వింటున్నాననుకున్నది ఏమిటో మరి. ఊపిరంత సేపూ అయిపోయింది, వాళ్ళు నెమ్మదిగా మొదటి పాదం అందుకుని, దాన్ని పూర్తి చేసి ఆపారు.

తండేలు మనవరాలు నా మొహంలోకి చూడలేదు. మాస్టారి వైపు తిరిగింది.

"పక్కన కూకుని ఇన్న బాబుకే రానేదు. మీరేటి వాయిస్తారు మాస్టారూ? అక్కడ సెయ్యి ఎత్తీయండి."

అలాగే రికార్డు చేశారు. ఆ పాట ఫోన్లలోకి వచ్చి ఇప్పటికి చాలా రోజులైంది. విజయనగరంలో ఉన్న నా పాత సహోద్యోగి పనిగట్టుకుని ఫోను చేసి, ఆ ఆగే చోట ఎవరో లోపలి గదిలోంచి పాడుతున్నట్టుంది, ఎవరండీ ఆవిడ అని అడిగాడు. మా పక్కింటావిడ దీపం పెట్టేటప్పుడు అదే పెట్టుకుంటుంది. ఆ చోట తన తల్లి పిలిచినట్టుంటుందట. ఇప్పుడు ఆడవాళ్ళు మొహం చూపించి, పేరు వేయించుకుని పాడుతున్నారు. వాళ్ళ మధ్య మొహమూ పేరూ లేని మా అత్త కూడా గుమ్మం దాటి ఎవరెవరి ఇళ్ళలోకో వెళ్ళిపోయింది. తాతగారు ఉంటే ఏమనేవారో ఊహించగలను, కాని ఆయన కూడా తెరలు విప్పిన మనిషే.

నేనూ వింటాను, భోజనం అయ్యాక, తలుపు వేసుకుని. రెండో పాదం అయిపోతుంది. ఒక గాజు కదిలిన చప్పుడు, షెల్టరు బయట సముద్రపు హోరు, అంత మంది ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టి ఉన్న సడి వినబడతాయి. భావనపాడులో నోరు తెరిచిన ఆ మధ్యాహ్నం తరవాత నాకు ఇంకేమీ వినబడడం లేదు. అత్త మాత్రం ఆ ఇళ్ళవాళ్ళందరికీ పాడుతోంది.