దెబ్బ చప్పుడు వినపడనంత దూరం

ఇరవై రెండేళ్ళపాటు ఎనీఫాకు సైకిలే కాళ్ళు. ఆరోగ్యశాఖలో ఉద్యోగం. టీకాల పెట్టె వెనక కట్టుకుని మా జోంబా పట్నం చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి, పసిపిల్లలను తూచి రాసుకునేది. మొన్న ఏప్రిల్లో రిటైరైతే ఆఫీసువాళ్ళు ఆ పాత సైకిలునే చేతికిచ్చి పంపేశారు. అప్పటినుంచీ నా ప్రాణం తోడేస్తోంది.

"ఫెలెసీటా, ఒక్కసారి మంగోచి దగ్గరి సరస్సు దాకా తొక్కుకుంటూ పోదామే. అక్కడ నాకోసం ఏ తల్లీ పిల్లనెత్తుకుని కూచోదు. నాకోసం నేను పోతా."

ఫెలెసీటా అంటే నేనే, ఆవిడ నేస్తాన్ని. బట్టలు కుట్టి బతుకుతాను. ఓపిక అనేది నాకు పుట్టుకతోనే లేదు.

అడ్డమల్లా వాళ్ళన్న బిజివిక్. మాలో ఆడదానిమీద పెత్తనం మొగుడిది కాదు, అన్నగారిది. "ముసలమ్మ, ముసలి సైకిలు, చక్కటి జత!" అని ఎగతాళి చేసి, పందెం పెట్టాడు. "ముందు ఆ దారిలోనే ఉన్న లివొండే దాకా పోయి, పొద్దుగుంకేలోగా తిరిగి రా. వస్తే నోరెత్తను. రాకపోతే ఆ సైకిలు నా ఇంట్లో ఉంటుంది, ఇక ముట్టుకోవు."

"సరే అన్నయ్యా" అంది ఈవిడ. రానూపోనూ వంద కిలోమీటర్లు! నన్నొక్క మాట అడిగిన పాపాన పోలేదు.

మాకు జూన్ అంటే చలికాలం; పొద్దున్నే వణుకుతూ బయల్దేరాం. దొమాసి ఊరు దాటకముందే నా ముందు చక్రంలో ముల్లు దిగింది. అతుకు వేసుకుని గంట తొక్కామో లేదో ఎనీఫా చైను తెగింది. చేతులకు నల్లటి జిడ్డు, నెత్తిన ఎండ. ఆవిడేమో తీరిగ్గా చైను లింకులు కలుపుతోంది, నేనేమో నిమిషానికోసారి ఆకాశం చూస్తున్నాను.

"ఊరికే పైకి చూడకే, సూర్యుడు సిగ్గుపడి తొందరగా దిగిపోతాడు" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

లివొండేలో కూర్చోకుండానే రెండు మందాసీ బూరెలు టీలో ముంచుకుని తిని వెనక్కి తిరిగాం. మలోసా దగ్గరికొచ్చేసరికి ఎనీఫా ఎడమ పెడలు ఊగులాడింది. చూస్తే పెడలు కడ్డీని ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను లేదు, దారిలో ఎక్కడో రాలిపోయింది. పనిముట్ల పెట్టెలో వెతికితే సరిగ్గా ఆ లావు మేకు ఒకటి దొరికింది. నాలుగు దెబ్బలు పడితే చాలు. ఎనీఫా రాయి ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

ముందున్న మలుపులో రోడ్డు మీద పచ్చి కొమ్మలు పరిచి ఉన్నాయి.

"చావిల్లు ఉన్నట్టుందే, చప్పుడు చెయ్యకూడదు" అంది.

"చావూ లేదు, ఏమీ లేదు. లారీ చెడిపోయినా కొమ్మలే వేస్తారు కదా! ఇటివ్వు" అని రాయి లాక్కుని ఠంగుమని ఒక్కటిచ్చాను.

చెట్ల చాటునుంచి టోపీ చేత్తో పట్టుకుని ఒక ముసలాయన వచ్చాడు. కోపంగా కూడా లేడు. "ఎవరమ్మా అది? మా మనవరాలు పోయింది. ఇంకా మట్టి చెయ్యలేదు. మా ఊళ్ళో ఇవాళ రోకలి కూడా ఎత్తలేదు" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని క్షమించమన్నాం. వెళ్ళి, చావుపాటలు పాడుతూ ఏడుస్తున్న ఆడవాళ్ళ మధ్య కాసేపు కూర్చున్నాం. నిజం చెబుతున్నాను, అక్కడ కూడా నేను పొద్దెంత వాలిందోనని నీడలే చూస్తున్నాను. నామీద నాకే అసహ్యం వేసింది.

తర్వాత సైకిళ్ళు నడిపించుకుంటూ బయల్దేరాం. అర కిలోమీటరు పోయాక, "ఇక కొట్టొచ్చు" అన్నాను.

"పాటలు వినిపిస్తున్నాయా?"

"కొద్దిగా."

"వాళ్ళ ఏడుపు మనకు వినిపిస్తుంటే మన దెబ్బ వాళ్ళకు వినిపించదటే?"

గాలి కూడా మామీద కక్షగట్టినట్టు అటునుంచే వీస్తోంది. కొండ దిగాం, వాగు దాటాం. పాట ఆగిందనుకుంటే మళ్ళీ వినిపించేది. మూడు కిలోమీటర్లు నడిచాక గానీ ఎనీఫా రాయి అందుకోలేదు.

జోంబా సంత దగ్గరికి చేరేసరికి పొద్దుగుంకి వీధిదీపాలు వెలిగాయి. బిజివిక్ రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. ఆయన నోరు తెరిచేలోగా నేనే అందుకున్నాను. "దారిలో చావింటికి వెళ్ళాల్సొచ్చిందన్నా. చిన్నపిల్లట!"

ఆయన వెంటనే టోపీ తీశాడు. "చావా? అయితే దాన్ని ఆలస్యమని ఎవరంటారు?"

హమ్మయ్య, గెలిచాం అనుకున్నాను.

"లేదన్నయ్యా" అంది ఎనీఫా. "పిన్ను ఊడింది. పొద్దున బిగించుకోవాల్సింది నేనే, చూసుకోలేదు. వాళ్ళ పిల్లను అడ్డం పెట్టుకుని నేను సరస్సుకు పోను."

సైకిలు హ్యాండిలు అన్న చేతిలో పెట్టేసింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. బిజివిక్ టోపీ చంకన పెట్టుకుని రెండు చేతులా ఆ సైకిలు పట్టుకున్నాడు.

ఎనీఫా కళ్ళు తుడుచుకుని నావైపు తిరిగింది. "ఏమే, నీ సైకిలు మీద పందెమేం లేదుగా?"

"లేదు. దాని మీద నువ్వు పోతే మరి నేనెట్లా రావాలే?"

"వెనక కూర్చో. ఎత్తులొచ్చినప్పుడు దిగి తోద్దువుగాని."