పోలింగు నాడు పరిచిన పడుగులు

మొన్న ఎక్కడో ఒక ఉప ఎన్నిక ముగిసిన సాయంత్రం, టీవీలో కూర్చున్న నలుగురు పెద్దమనుషులు ఓటు వేయడానికి రాని జనాన్ని గంటసేపు తిట్టగా విన్నాను. సెలవు ఇచ్చినా గడప దాటరట, బాధ్యత లేదట, ఇటువంటి ప్రజలకు ప్రజాస్వామ్యం దండగట. ఆ నలుగురిలో ఒక్కడైనా, రాని వాళ్లు ఎందుకు రాలేదో కనుక్కుందామని అనలేదు. నేను టీవీ కట్టేసి, బీరువా పై అరలో వరుసగా పేర్చుకున్న నా పాత నోటు పుస్తకాల్లోంచి ఒకదాన్ని దించుకున్నాను. నా ఈడు వారిలో చాలామందికి ఈ అలవాటు ఉండే ఉంటుంది: ఆ రోజు ఎండో వానో, ఎవరు వచ్చారో, ఏం జరిగిందో తేదీ వేసి నాలుగు వాక్యాలు రాసుకోవడం. ఆ పుస్తకంలో ఒక పుట ఉంది. ఇన్నేళ్ల తరువాత చదివినా నా చెవులు వేడెక్కుతాయి.

అవి డెబ్బైల చివరి సంవత్సరాలు. కాశిబుగ్గలోని ఒక చేనేత సహకార సంఘంలో నేను గుమాస్తాను. అధ్యక్షుడి చేతి కింద ఉండే సంఘం షెడ్డులో తోడిన పడుగులను, అంటే మగ్గానికి నిలువుగా ఎక్కించే పోగులను, మగ్గమున్న ప్రతి ఇంటికీ వరుస ప్రకారం ఇవ్వడం, సంతకం తీసుకోవడం, నేసిన బట్ట రాగానే పుస్తకంలో ఎక్కించడం నా పని. ఆ రోజుల్లో నూలు దొరకడమే గగనంగా ఉండేది. వారాల తరబడి మగ్గాలు ఊరకే ఉండేవి. అటువంటి కరువులో కొందరు తీసుకున్న పడుగును బయటి వ్యాపారులకు అమ్ముకుంటున్నారని ఫిర్యాదులు వస్తే, దానికి విరుగుడుగా నేనే ఒక నియమం రాసి సర్వసభ్య సమావేశంలో ఆమోదింపజేశాను. పడుగు తీసుకున్న మర్నాడు పొద్దుగూకేలోపు దానికి గంజి పెట్టి, ఆరబెట్టి, సంఘం మనిషికి చూపించాలి. చూపించని ఇంటి పేరు వరుసలో అట్టడుగుకు పోతుంది. ఆ నియమం చూసుకుని నేను ఎంత మురిసిపోయానో చెప్పడానికి ఈనాడు సిగ్గుగా ఉంది.

గంజి పెట్టడమంటే ఏమిటో మగ్గం ఎరగని వారికి రెండు మాటల్లో చెప్పాలి. పడుగును వీధి పొడవునా చాపి, రెండు కొసలా గుంజలకు బిగించి, దారాలకు గంజి పట్టించి, అది ఆరేదాకా పెద్ద కుంచెలతో ఆ చివరినుంచి ఈ చివరికి దువ్వుతూనే ఉండాలి. తడి మీద వదిలేస్తే పోగుకు పోగు అతుక్కుని పడుగంతా చెడుతుంది. ఒక్క ఇంటి మనుషులతో అయ్యే పని కాదు కనుక ఇరుగుపొరుగు ఆడామగా వచ్చి చెయ్యి వేసేవారు. రేపు వాళ్ల పడుగుకు మనం. ఒకసారి పడుగు మీద చెయ్యి వేసిన మనిషి అది ఆరేదాకా కదలకూడదన్నది ఎక్కడా రాయని కట్టుబాటు. ఇంటికి చుట్టాలు వచ్చినా సరే, కబురు పంపి కూర్చోబెట్టేవారు తప్ప కుంచె దించేవారు కారు.

ఆ ఏడు మా వార్డు సభ్యుడు పదవిలో ఉండగానే కాలం చేయడంతో ఉప ఎన్నిక వచ్చింది. దానికి మా బావ, అంటే మా అక్క పెనిమిటి, ఏ పార్టీ లేకుండా నిలబడ్డాడు. ఆయనకు రాజకీయం పిచ్చి లేదు. పొద్దస్తమానం మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకు కూర్చునే మనిషి. కానీ రెండేళ్ల కిందట వీధి మొదట్లోని అద్దకపు కార్ఖానా మురుగును మా వీధిలోకి మళ్లించారు. ఆ రంగునీళ్లు భూమిలోకి ఇంకి అక్కావాళ్ల చేదబావిలో దిగాయి. ఆ నీళ్లతో వండితే అన్నం నీలంగా దిగేది. అక్క రోజూ వీధి రెండో కొసన ఉన్న, ఆ నీళ్లు ఇంకా చేరని మా ఇంటికి వచ్చి, నడుమున ఒకటి, తలమీద ఒకటి, బిందెలు మోసుకుపోయేది. మురుగు మళ్లిస్తామని మాట ఇమ్మని బావ రెండు పార్టీల వారినీ అడిగాడు. ఇద్దరూ చూద్దామన్నారు. కార్ఖానా యజమాని ఇద్దరికీ కావలసినవాడు మరి. అందుకని బావ తానే నామినేషను వేశాడు.

మగ్గాల వీధులన్నీ కదిలి వస్తే బావ గెలుస్తాడని లెక్క తెలిసిన ప్రతివాడికీ తెలుసు. పెద్దరోడ్డు మీది దుకాణాల వారి ఓట్లు రెండు పార్టీలూ పంచుకునేవి. మా వీధి రాకపోతేనే ఆ రెంటిలో ఒకటి గట్టెక్కుతుంది. మా సంఘం అధ్యక్షుడు ఒక పార్టీ, నాకు వరుసకు చిన్నాయన. ఉపాధ్యక్షుడు రెండో పార్టీ. ఆఫీసు గోడకు ఏ రంగు సున్నం వేయాలన్న దాని మీద మూడు సమావేశాలు కొట్లాడుకున్న మనుషులు.

పోలింగుకు ముందురోజు పొద్దున చిన్నాయన ఆఫీసుకు వచ్చి, కుర్చీలో కూడా కూర్చోకుండానే పురమాయించాడు.

“షెడ్డుల పడుగులు తయారున్నయట. పెట్టుకోని ఏం జేస్తవ్? పంచెయ్యి. మగ్గాలు ఎండిపోయి మూడు వారాలాయె, జర వాళ్ల కడుపుల దిక్కు సూడు.”

“రేపు పోలింగు గద చిన్నాయినా,” అన్నాను.

“ఉంటే? పొద్దుగాల గంజి పెడితె తొమ్మిదింటికి ఆరుతది. నీ ఓటు ఎటు పోతది, సాయంత్రం దాక ఆడ్నే ఉంటది!”

నాకూ అది సబబుగానే తోచింది. ఇదిగో, నా తప్పు ఇక్కడుంది. నా వరుస, నా పట్టిక, నా సంతకాలు సక్రమంగా ఉంటే లోకం సక్రమంగా ఉన్నట్టేనని నమ్మిన రోజులవి. చీకటి పడేదాకా కూర్చుని ఒక్క ఇల్లు తప్పకుండా పంచాను. పడుగు చంకనబెట్టుకుని పోతున్న వాళ్ల మొహాల్లో పండుగ వచ్చినంత కళ ఉంటే, అదంతా నా సమర్థత అనుకున్నాను.

తెల్లవారితే ఆకాశం నిండా మబ్బు. వాన పడదు, ఎండ రాదు. తొమ్మిదింటికి ఆరాల్సిన పడుగులు మధ్యాహ్నానికి కూడా చెమ్మగానే ఉన్నాయి. వీధిలో ఒక్కసారి నాలుగు పడుగులకు మించి చాపే చోటు లేదు. తక్కినవి వంతు కోసం అరుగుల మీద కాచుకుని ఉన్నాయి, వాటి ఇంటివాళ్లూ చాపిన నాలుగింటి మీదే చెయ్యి వేసి ఉన్నారు. నేను బావ తరఫున పోలింగు కేంద్రంలో కూర్చుని వచ్చిన ప్రతి పేరుకూ గీత పెడుతున్నాను. దుకాణాల వాళ్లు రిక్షాల్లో దిగుతున్నారు, గీతలు పడుతున్నాయి. మా వీధి పేర్లున్న కాగితాలు మాత్రం తెల్లగా ఉన్నాయి. వారం రోజులు చెవులు చిల్లులు పడేలా అరిచిన పార్టీల జీపులు ఆ రోజు మా వీధి మొగదాకా వచ్చి వెనక్కి తిరిగిపోతున్నాయని ఎవరో అంటే, అప్పుడు నాకు అనుమానం తగిలింది.

మూడు గంటలకు బావ నన్ను వీధికి తరిమాడు. అక్కావాళ్ల ఎదురింటి పెద్దమ్మ పడుగు దగ్గర పదిమంది కుంచెలు పట్టుకుని ఉన్నారు. వాళ్లలో మా అక్క ఉంది.

“నీ మొగడు నిలబడ్డ ఓటు, నువ్వే పోకపోతె ఎట్లనే అక్కా?” అని అరిచాను.

“ఆరుతాంది తమ్మీ, జర ఆగు. చెయ్యేసిన గద, ఎట్ల ఇడిసిపెడ్త?”

పెద్దమ్మ తలెత్తకుండానే అందుకుంది. “ఎవలను ఒర్రుతానవ్ బిడ్డా? పొద్దుగూకేలోపల సూపెట్టకుంటె పేరు అడుక్కు దోస్తనన్నది నువ్వే గద. మూడు వారాలాయె పొయ్యి సక్కగ అంటుకోక. నీ ఓటు నా పడుగు నేస్తదా?”

ఈ ఒక్కరోజుకు ఆ నియమం లేదనుకొమ్మని నేను వీధంతా వినబడేలా చెప్పాను. అప్పటికే వీధి చివర, పడుగులు చూసి టిక్కు పెట్టుకోవడానికని, ఉపాధ్యక్షుడు సంఘం పుస్తకం పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఏనాడూ ఆ పనికి రాని మనిషి.

“అట్లెట్లయితది గుమాస్తా సాబ్?” అని నవ్వాడు. “రూలు రూలే. మేమా రాసింది? నువ్వు రాసిందేనాయె.”

ఆ నవ్వు నాకు ఇప్పటికీ కనబడుతుంది. చేతులు కడుక్కోకుండా పరుగెత్తి వచ్చిన కొద్దిమంది ఓట్లు వేశారు. పెద్దమ్మ పడుగు ఆరేసరికి అయిదు దాటింది. అక్క రొప్పుతూ వచ్చేసరికి కేంద్రం తలుపులు వేసేశారు. గేటు పట్టుకుని నిలబడ్డ ఆమె వేళ్ల మీద గంజి ఎండి తెల్లగా పొరలు లేస్తోంది. సిరా చుక్క పడాల్సిన వేలు మీద కూడా.

బావ పదకొండు ఓట్లతో ఓడిపోయాడు.

మర్నాడు షెడ్డు పుస్తకం తెప్పించి చూశాను. ఆ పడుగులు తోడడం పూర్తయి ఎనిమిది రోజులైంది. ఎనిమిది రోజులు, పస్తులున్న ఇళ్లకు ఇవ్వకుండా, ఆ ఒక్క రోజు కోసం దాచి పెట్టారు. షెడ్డు పుస్తకం, పంపిణీ పట్టిక రెండూ పట్టుకుని ఎన్నికల అధికారి దగ్గరికి వెళ్లాను. ఆయన ఓపికగానే చదివి, అందరికీ వరుస ప్రకారం ఇచ్చారు, నియమం ప్రకారం తనిఖీ చేశారు, ఎవరినీ ఎవరూ ఆపలేదు, ఇందులో నేరం ఏముందని అడిగాడు. పంపిణీ పట్టిక కింద సంతకం ఎవరిదని కూడా అడిగాడు. నాదే. తిరిగి వస్తుంటే హోటల్లో చిన్నాయన, ఉపాధ్యక్షుడు ఎదురెదురుగా కూర్చుని ఒక చాయ్‌ని రెండు సాసర్లలో పోసుకుని తాగుతున్నారు. నన్ను చూసి చిన్నాయన, రారా నువ్వూ తాగు అని పిలిచాడు కూడా. రాజీనామా కాగితం ఆ పూటే రాశాను. ఇంట్లో పిల్లల మొహాలు చూసి చించేశాను. ఈ సంగతి కూడా ఆ పుటలో ఉంది.

బావ నన్ను తప్పుపట్టలేదు. “పని ఇయ్యకుంటె తప్పుగని, ఇస్తె తప్పెట్లయితది బామ్మర్దీ?” అన్నాడంతే. ఆ మంచితనమే నన్ను ఎక్కువ కాల్చింది. గెలిచినవాడి పదవీకాలం ముగిసేదాకా మురుగు కదలలేదు. అక్క బిందెలు దిగలేదు. నేను ఆ నియమాన్ని తరువాతి సమావేశంలోనే కొట్టివేయించాను. కానీ కొట్టివేయడానికి వీలుకానిదొకటి అప్పటికే వీధిలోకి వచ్చేసింది.

ఎనభైలలో మళ్లీ ఎన్నికలు వచ్చినప్పుడు, పోలింగు నాడు ఎవరో పడుగు పరిచి పిలిస్తే అక్క వెళ్లలేదు. పొద్దున్నే ఓటు వేసి వచ్చి కూడా తలుపు తీయలేదు. ఆమెను చూసి ఇంకొకరు. తరువాత తరువాత, పోలింగుతో పనిలేని మామూలు రోజుల్లో సైతం, కుంచె అందుకునే ముందు ఇది ఏ పార్టీ వాడి పడుగు అని అడగడం మొదలైంది. అధ్యక్షుడి మనుషులు ఒకరి పడుగుకు ఒకరు, ఉపాధ్యక్షుడి మనుషులు ఒకరికొకరు. ఏ పక్షమూ లేని మా బావ పడుగు పరిస్తే ఇంటివాళ్లం తప్ప మనిషి లేడు. ఎదురింటి పెద్దమ్మ ఒక్కతే, నడుము వంగిపోయినా, కర్ర పక్కనబెట్టి వచ్చి కుంచె పట్టేది.

పదకొండు ఓట్లు పోయాయని ఆనాడు నేను ఏడ్చాను. ఓట్లు అయిదేళ్లకోసారి మళ్లీ వస్తాయి. పిలవకుండానే వచ్చి మన పడుగు మీద పడే పక్కింటి చెయ్యి, ఆ పెద్దమ్మది తప్ప, ఆ వీధిలో మళ్లీ నాకు కనబడలేదు.