అల్సరు అనే మర్యాదైన పేరు

మా మరిది పోయాడన్న కబురు పొద్దున్నే ఐరాల నుంచి వచ్చింది. "అక్కా, అల్సరు పగిలి రక్తం కక్కినాడు. ఆస్పత్రికి చేరేలోపలే అయిపోయినాడు" అంది ఫోనులో మా తోడికోడలు. అంత ఏడుపులోనూ అల్సరు అనే అంది. ఆ మాట దగ్గరే నా ప్రాణం ఉసూరుమంది.

మా మరిది రైతు. చెరుకు పండించేవాడు, బెల్లం వండించేవాడు. వక్కపలుకు తప్ప ఇంకో అలవాటు లేదు. ఊళ్ళో తాగుడుకు మరిగినవాళ్ళను మోటారుసైకిలు వెనక కూర్చోబెట్టుకుని కాణిపాకం తీసుకుపోవడం, తలస్నానం చేయించి తడిబట్టలతో వినాయకుడి ముందు ప్రమాణం చేయించడం తన పనిగా పెట్టుకున్నాడు. ఆ దేవుడి ముందు అన్న మాట తప్పాలంటే మా వైపు ఎంత మొండివాడైనా జంకుతాడు. వచ్చేటప్పుడు టిఫిను పెట్టించి ఒకటే చెప్పేవాడు: "తడిబట్ట గంటలో ఆరిపోతాది. మాట ఆరకుండా సూసుకో అబ్బా."

నొప్పి ఎప్పుడు మొదలైందో అతనికే సరిగా తెలియదు. తిన్న కాసేపటికి కడుపులో లేచి వీపులోకి దూసుకుపోయేది. ముందుకు వంగి, మోకాళ్ళు పొట్టకు ఆనించుకుని కూర్చుంటే కాస్త తగ్గేది. "అల్సరు వదినా, వేళకు తినను గదా" అనేవాడు. మా ఇంట్లో అల్సరుకున్న మర్యాద కొత్తల్లుడికి కూడా లేదు. నలుగురి పని మీద తిరిగి, అన్నం మాని తెచ్చుకున్న జబ్బు అది. చెప్పుకుంటే పరువు పెరుగుతుందే కానీ తరగదు. మందుల షాపులో అడిగి మాత్రలు మింగేవాడు. తగ్గేది, మళ్ళీ వచ్చేది. షుగరు కూడా తోడైంది. మనిషి చొక్కాలో వదులైపోయాడు.

చివరికి నేనే తిట్టి తిరుపతికి రప్పించి, పరీక్షలు చేయించాను. కాగితాలు చూస్తూ డాక్టరమ్మ అడిగింది: "మందు తాగుతావా పెద్దాయనా?"

అందరినీ అడిగే ప్రశ్నే. మా మరిది ముఖం మాడిపోయింది. "నేను మానిపిస్తానమ్మా" అన్నాడు.

ఆ అమ్మాయి ఓపికగానే చెప్పింది. "పేగు మొదట్లో పుండు ఉండేది నిజమే. కానీ దాని వెనకాల పాంక్రియాస్, అంటే క్లోమం, చానా కాలంగా పాడైపోతా ఉండాది. కడుపులోంచి దిగే ఆమ్లాన్ని విరిచేది చానావరకు దాని రసమే. అది తగ్గితే పుండ్లు పడేదానికి అవకాశం ఎక్కువ. పుండుకు మాత్రమే మందేస్తే చాలదు, దీన్నీ చూసుకోవాల. తాగనోళ్ళకు కూడా వస్తాది ఇది."

ఆఖరి మాట అతని చెవికి ఎక్కలేదు. మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయాడు. అతను ప్రమాణం చేయించిన వాళ్ళలో ఒకడి అన్న ఈ జబ్బుతోనే పోయాడు. తాగి తెచ్చుకున్నాడని ఊరంతా అంది. అప్పటి నుంచి అక్కడ పాంక్రియాస్ అంటే తాగుబోతుల జబ్బు.

తిరుచానూరులో మా ఇంటికి వచ్చాక, పెరుగన్నం ముందు పెట్టుకుని అన్నాడు. "వదినా, ఆ పేరు ఊర్లో అనొద్దు. ఈయప్ప చాటుగా తాగి మాకు నీతులు చెప్పినాడంటారు. దాంతో ఒక్కడు మళ్ళీ సీసా పట్టినా, ఆ పాపం నాదే."

"ఊరిని మోసేదానికి నువ్వేమన్నా బొడ్రాయివా? ముందు నువ్వు నిలబడబ్బా."

"నీ నోటికి మాత్రం ఏ డాక్టరూ మందు రాయలేదే" అని నవ్వాడు.

మళ్ళీ ఆస్పత్రికి రాలేదు. నేను ఫోనులో అరిచాను, బతిమాలాను. "అల్సరే గదా వదినా, మాత్ర మింగతాండా" అనేవాడు. ప్రాణం కన్నా మాట గొప్పదని మనం పిల్లలకు చెప్తాం. వాళ్ళు దాన్ని నిజంగా నమ్మితే ఏమవుతుందో మాత్రం చెప్పం.

దినం నాడు, అన్నను పోగొట్టుకున్న ఆ మనిషే కాఫీ గ్లాసు పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, ఆయనది మాయన్నకు వచ్చిండే జబ్బేనని మాకు ఎప్పుడో తెలుసు. మాయన్నా అట్లే వంగి కూర్చునేవాడు."

"తాగినాడని అనుకుంటిరా?"

"ఆయనా?" వింతగా చూశాడు. "తాగనోళ్ళకు కూడా వస్తాది గావాల అనుకుంటిమి. ఆయన అల్సరు అంటా ఉంటే, కాదని ఎదురు చెప్పేది మర్యాద గాదని గమ్మునుండినాము."

తన మాట నిలవాలని మా మరిది దాచాడు. అతని మర్యాద నిలవాలని వాళ్ళు దాచారు. మధ్యలో మనిషే నిలవలేదు.

మర్నాడు బస్సుకు బయలుదేరితే తోటలో కొడవళ్ళ చప్పుడు వినిపించింది. కోతకొచ్చి నిలిచిపోయిన అతని చెరుకులోకి ఎవరూ పిలవకుండానే, అతను ప్రమాణం చేయించిన మనుషులంతా దిగారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. ఒక్కొక్క గడా మొదలు దగ్గర తెగి, వెంటనే పడక, ఇంకా నిలబడి ఉన్న పక్క గడలను ఆనుకుని, తర్వాత మెల్లగా నేలకు ఒరుగుతోంది.